ఇంటికి రెండో బండి వచ్చినప్పుడు

కోనసీమ ఇళ్ళలో రెండో బండి ఇప్పుడు వింత కాదు. తండ్రికి ఒక మోటారు సైకిలు ఎప్పటినుంచో ఉంటుంది. కుమారుడు ఇంటర్ దాటి అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో డిగ్రీలో చేరగానే ఇంట్లో మాట మొదలవుతుంది: "వీడికొక బండి చూడాలండీ." ధర చూస్తాము. మైలేజీ అడుగుతాము. ప్రార్థన చేసి తాళం చేతికిస్తాము. ఆ బండికి ఇన్సూరెన్సు ఉందా, సి బుక్కు ఎవరి పేర ఉంది, నడిపే బిడ్డకు లైసెన్సు వచ్చిందా అని అడిగే ఇళ్ళు మాత్రం తక్కువ.

ఈ మాట మా ఇంటికీ వచ్చింది. మా పెద్దవాడికి 18 ఏళ్ళు నిండాయి. నా బండి సంఘాల పనికే చాలదు. ఆదివారం రెండు ఊళ్ళలో ఆరాధన, వారంలో కుటుంబ ప్రార్థనలు. వాడి కాలేజీ మరో దిక్కున ఉంది. మా బంధువు ఒకాయన తన ఆరేళ్ళ బండిని తక్కువకు ఇస్తానన్నారు. కాగితాలు అడిగితే, "మనలో మనకేంటి బావగారూ, పేరు మార్పు నెమ్మదిగా చేయించుకుందురు గాని" అన్నారు. తీసి చూస్తే, కొత్తలో కట్టిన ఇన్సూరెన్సు గడువు తీరి ఏడాది అయ్యింది.

ఇది చాలా ఇళ్ళలో ఉన్న సంగతే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త మోటారు సైకిలు కొన్నవారు ఐదేళ్ళకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి కట్టాలి. ఐదేళ్ళు ఆ ఊసే ఉండదు కాబట్టి తరువాత కూడా జ్ఞాపకం రాదు. పాత బండి కొనేవారు ముందుగా చూడవలసింది టైర్లు కాదు, ఆ గడువు తేదీ.

నేను ఇన్సూరెన్సు కట్టడానికి బయలుదేరుతుంటే మా సంఘ పెద్ద ఒకాయన అడిగారు: "అయ్యగారూ, కాపాడేవాడు దేవుడని మీరే చెబుతారు గదా. మరి ఇన్సూరెన్సు కడితే విశ్వాసం తగ్గినట్టు కాదాండీ?" ఆయన వెటకారానికి అడగలేదు. చాలామంది విశ్వాసుల మనస్సులో ఉన్న ప్రశ్నే అది. కనుక దీనికి జవాబు చెప్పవలసి ఉంది.

థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. బండి యజమాని మొదటివాడు, ఇన్సూరెన్సు కంపెనీ రెండోది. మూడో మనిషి మనకు ముక్కూ మొహం తెలియనివాడు. మన కాలువ గట్ల మీద అతడెవరో కాస్త ఆలోచించండి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చే అక్క, కొబ్బరి దింపు పనికి సైకిలు మీద పోయే అన్న, బడి విడిచాక పరుగెత్తుకొచ్చే పిల్లవాడు, చీకటి పడ్డాక వంతెన పక్కన కూర్చున్న తాత. ఒక పక్క కాలువ, ఒక పక్క బోదె, నడుమ సన్నని రోడ్డు. అక్కడ తప్పుకునే చోటు ఉండదు.

చట్టం తప్పనిసరి చేసిన ఇన్సూరెన్సు అతని కోసమే. మన బండి దెబ్బతింటే దాని నుంచి మనకు రూపాయి రాదు. కనుక అది మన భయానికి గుర్తు కాదు, పొరుగువానికి మనం చెల్లించవలసిన బాకీ. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. పిట్టగోడ కట్టినవానికి విశ్వాసం తక్కువని మోషే అనలేదు. పైనుంచి ఎవరైనా పడితే ఆ దోషం నీ ఇంటి మీద ఉంటుందని హెచ్చరించాడు. ఇంటికి మిద్దె ఎలాగో రోడ్డుకు బండి అలాగే.

ఆ బాకీ ఎంత ఉంటుందో లెక్క వేసి చూద్దాం. నెలకు 10,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ళ కూలీ ఒకాయన మన బిడ్డ నడిపే బండి తగిలి చనిపోయాడనుకోండి. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు అతని మీద ఆధారపడినవారు. పరిహారం లెక్క కట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లోను, 2017లోను ఇచ్చిన తీర్పులలో స్థిరపరచింది. అతని ఏడాది సంపాదన 1,20,000. ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 1,68,000. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తే 1,26,000. ఆ వయస్సుకు దానిని 17తో హెచ్చించాలి. అంటే 21,42,000 రూపాయలు. అంత్యక్రియలు మొదలైనవాటికి ఇచ్చేది దీనికి అదనం.

ఇన్సూరెన్సు లేకపోతే ఈ మొత్తం బండి యజమాని మీదనే పడుతుంది. మనలో ఎందరు కట్టగలం? ఉన్న అర ఎకరం కొబ్బరితోట పోతుంది. అప్పటికీ ఆ విధవరాలికి అందవలసింది పూర్తిగా అందదు. ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ చెల్లిస్తుంది. మనం మామూలుగా వాడే 75 నుంచి 150 సి.సి. బండికి 2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ రేటు ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. రోజుకు రెండు రూపాయలు!

అయితే ప్రీమియం కట్టినంత మాత్రాన అంతా అయిపోలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఫోను చేసినప్పుడు చెబుతుంటారు, పిల్లలు డ్రైవింగు మొదలుపెడితే వారి పేరు కూడా ఇన్సూరెన్సులో చేర్చాలని, దానితో ప్రీమియం బాగా పెరుగుతుందని. మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ ఇన్సూరెన్సు బండికి. నడిపేవాని పేరు చేర్చనక్కరలేదు గాని, అతనికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని బిడ్డకు తెలిసి తెలిసి తాళం ఇస్తే ఏమవుతుంది? అనేక కేసులలో కోర్టులు బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించి, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకోమన్నాయి. అంటే ఆ 21 లక్షలు తిరిగి మన గుమ్మం ముందుకే వస్తాయి.

"పెద్ద బండి కాదండీ, ఎక్సెలే గదా" అని 16 ఏళ్ళ పిల్లలకు ఇచ్చేవారున్నారు. 16 ఏళ్ళు నిండినవారు లైసెన్సు తీసుకుని నడపదగినది 50 సి.సి. లోపు బండి మాత్రమే. కొబ్బరికాయల మూటలు మోసే ఎక్సెల్ 100 దాదాపు 100 సి.సి. బండి. దానికి 18 నిండాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు బిడ్డ బండి నడిపి నేరానికి లోనైతే తండ్రి గాని యజమాని గాని 25,000 రూపాయల జరిమానాకు, మూడేళ్ళ వరకు జైలుకు పాత్రుడు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ బిడ్డకు 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు.

మన ఇంటివారి సంగతి కూడా చూసుకోవాలి. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది లైసెన్సు ఉన్న యజమానికే వర్తిస్తుంది. బండి తండ్రి పేర ఉండి కుమారుడు నడుపుతూ పడితే అది కుమారునికి వర్తించదు. ఒకే మనిషి పేర రెండు బండ్లుంటే ఆ బీమా రెండుసార్లు కట్టనక్కరలేదు, ఒకటి చాలు. ఇక వెనుక కూర్చున్న చెల్లెలికో స్నేహితునికో? థర్డ్ పార్టీ ఒక్కటే కట్టిన మోటారు సైకిలు మీద వెనుక కూర్చున్నవారికి కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2006లో ఒక కేసులో తీర్పు చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వారికీ రక్షణ ఉంటుంది.

ఇవన్నీ కూర్చుని మాట్లాడుకుని మా ఇంట్లో ఒక వరుస పెట్టుకున్నాము. మొదట మావాడు లెర్నర్ లైసెన్సు తీసుకున్నాడు. ఎల్ బోర్డు కట్టి, నేను వెనుక కూర్చుని నేర్పించాను. 30 రోజులు దాటాక పరీక్షకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పుడే బండి కొని, సి బుక్కు వాని పేరనే మార్పించాము. సి బుక్కులో ఎవరి పేరుంటే వారే జవాబుదారీ అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, అమ్మిన మా బంధువుకు కూడా ఇదే క్షేమం. మావాని పేరనే ప్యాకేజీ పాలసీ, 15 లక్షల ప్రమాద బీమా తీసుకున్నాము. గడువున్న ఇన్సూరెన్సుతో పాత బండి కొన్నవారు 14 రోజులలోగా కంపెనీకి దరఖాస్తు పెట్టి దానిని తమ పేర మార్పించుకోవాలి.

ఈ పని పూర్తయ్యేసరికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ మావాడు బస్సులోనే వెళ్ళాడు. "నాన్నగారూ, మా క్లాసులో అందరూ బండి మీదే వస్తున్నారండీ" అని రెండుమూడుసార్లు అన్నాడు. వాళ్ళమ్మ వానికి ఒకే మాట చెప్పింది: "రోడ్డు మీద నడిచేవాళ్ళు కూడా ఒక తల్లి బిడ్డలే నాన్నా."

తల్లిదండ్రులారా, ఈ వారంలో ఒక సాయంత్రం ఇంట్లో ఉన్న బండ్ల కాగితాలన్నీ తీసి దీపం దగ్గర పెట్టండి. ఇన్సూరెన్సు గడువు తేదీ చూడండి. సి బుక్కు మీద పేరు చూడండి. బిడ్డ లైసెన్సు చూడండి. లోపమున్నది సరిచేసేవరకు తాళం మీ దగ్గరే ఉంచండి. బిడ్డ నాలుగు రోజులు అలగవచ్చు. కాని మనం పేరు కూడా ఎరుగని ఒక కుటుంబం మన వలన దిక్కులేనిది కాకుండా చూడడం పొరుగువానిని ప్రేమించడంలో భాగమే. అది చేసిన తరువాత తల వంచి, వెళ్ళే బిడ్డ కోసమూ ఎదురుగా వచ్చేవారి కోసమూ కలిపి ప్రార్థన చేయండి.