గండి నుంచి కట్ట దాకా: ఒక సైకిల్ రూటు

గండిమైసమ్మ చౌరస్తాని పొద్దున ఐదున్నరకి చూడాలి. ఇంకో రెండు గంటలాగితే కాలేజీ బస్సులు, కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు కలిసి రోడ్డు దాటనివ్వవు. ఆ టైముకి మాత్రం గుడి ముందు పూలు సర్దుకునే ఆమె, ఒక టీ కొట్టు, హెల్మెట్ బెల్టు బిగించుకుంటూ మాలాంటి నలుగురు. అంతే. ఇక్కణ్నుంచి ఒక దారి నర్సాపూర్ అడవి వైపు పోతుంది, ఒకటి బహదూర్‌పల్లి మీదుగా సిటీలోకి, ఒకటి మియాపూర్ వైపు. మేం పోయేది నాలుగోది, మేడ్చల్ దారి.

రూటు సింపుల్. గండిమైసమ్మ నుంచి మేడ్చల్, అక్కణ్నుంచి శామీర్‌పేట. కాళ్లలో ఇంకా దమ్ముంటే కీసరగుట్ట. పోవడమే యాభై కిలోమీటర్ల లెక్క. కొత్తవాళ్లయితే శామీర్‌పేట చెరువు దగ్గర వెనక్కి తిరగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. నేను మొదటి మూడు సార్లు మేడ్చల్ దాటలేదు.

"సైకిలే తొక్కాలంటే ట్రాక్ ఉంది కదా" అని ఆఫీసులో అడుగుతుంటారు. నిజమే. 2023 అక్టోబర్‌లో నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ తెరిచారు. పైన ప్యానెళ్ల నీడ, రాత్రయితే లైట్లు, లారీల భయం లేదు. స్పీడు పెంచుకోవడానికి అంతకంటే మంచి చోటు సిటీలో లేదు. కానీ ఎంత తొక్కినా ఒక్క ఊరు తగలదు. నాకు ఊళ్లు కావాలి.

అసలు సంగతి గౌడవెల్లి చేరేలోపే మొదలవుతుంది. కారులో ఈ దారిన ఎన్నిసార్లు పోయినా నేల చదునుగానే ఉందనిపిస్తుంది. సైకిలెక్కితే తొడలు నిజం చెప్తాయి. ఒక కిలోమీటరు దిగుడు, మళ్లీ ఎక్కుడు, ఇంకో దిగుడు. పెద్ద కొండ ఒక్కటీ ఉండదు, చివరికి యాప్ చూస్తే వందల మీటర్లు ఎక్కేసి ఉంటాం. ఎందుకిలా అని మొదట్లో నాకూ అర్థం కాలేదు. తర్వాత గమనించాను. దిగుడు పూర్తయిన చోట దాదాపు ప్రతిసారీ ఒక చెరువో కుంటో వాగో ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. ఎక్కే ప్రతి మిట్టా రెండు చెరువుల మధ్య గట్టు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. గొలుసుకట్టు అంటే ఇదే. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో దాదాపు 46 వేల చెరువులు లెక్కకొచ్చాయి. అందులో కొన్నింటిని మనం ఆదివారం పొద్దున గేర్లు మార్చుకుంటూ దాటుతున్నామన్న మాట.

గండి అంటే కట్ట తెగిన చోటు. మైసమ్మ అంటే కట్ట కాసే తల్లి. రోజూ బస్సు బోర్డు మీద చదివే పేరులో ఇంత ఉందని సైకిలెక్కాకే తట్టింది.

పోయినేడు మా నాన్న రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుతో ఇటువైపు ఒక ప్లాటు కొందామని మా ఇంట్లో ఒకటే చర్చ. ఒక వెంచరు మా రూటు మీదే ఉంది. పేరెందుకు గానీ ఆర్చి, ఖర్జూరపు చెట్లు, నల్లటి తారు రోడ్లు, అన్నీ బాగున్నాయి. బ్రోషర్ పంపితే నాన్న ఫోన్ చేసి రేటు అడగలేదు, ఫేసింగ్ అడగలేదు.

"గా ప్లాటు ముందట రోడ్డు దిగుతదా, ఎక్కుతదా?"

ఆయన సిద్దిపేట వైపు చెరువు కింది పొలాల్లో పెరిగిన మనిషి. నాకు జవాబు తెలుసు. దిగుతుంది. ఆ ఆర్చి దగ్గర నేను పెడల్ వేయడమే మానేస్తాను, సైకిల్ దానంతటదే పోతుంది. "దిగుతది నాన్నా" అన్నాను. "మరి పైన చెరువు ఏ దిక్కుకుంది? మత్తడి నీళ్లు ఎటు పోతయ్?" ఇది మాత్రం తెలీదు. ఒక వాన వెలిసిన పొద్దున, రైడ్ మధ్యలో ఆగి చూశాను. పై కుంట నుంచి వచ్చే నీళ్లు కాలువ వెతుక్కుని, దొరక్క, ఆ కొత్త తారు రోడ్డు మీదుగానే పోతున్నాయి. మేం అనుకున్న ప్లాటు ముందు నా షూ మునిగింది. ఫోటో పంపాను. నాన్న ఒక్క మాటన్నాడు: "వద్దు బిడ్డా."

2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయా? ఫాక్స్ సాగర్ నిండి కొంపల్లి దగ్గర ఉమామహేశ్వర కాలనీ మునిగింది. గండిమైసమ్మ నుంచి అదేమంత దూరం కాదు. ఎఫ్‌టీఎల్ మ్యాపులు, శిఖం భూముల రికార్డులు చూడాల్సిందే, కాదనను. కానీ వాన పడ్డ మర్నాడు ఒకసారి సైకిల్ మీద పోయి చూడటానికి ఫీజు లేదు.

సరే, దారిలోకి వద్దాం. గౌడవెల్లి వైపు వచ్చేసరికి నిజాం కాలంలో వేసిన మన్మాడ్ రైల్వే లైను తగులుతుంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వెనకే కాబట్టి, బాగా తెల్లారాక బయల్దేరితే ట్రైనింగ్ విమానాలు కనిపిస్తాయి. తల పైకెత్తి తొక్కకండి, గుంతలున్నాయి. మేడ్చల్‌లో నలభై నాలుగో నంబరు హైవే దాటాలి. దాటి, ఇడ్లీ తిని, కదలాలి. అక్కడ చూడ్డానికి ఆగేంత ఏమీ లేదు, ట్రాఫిక్ తప్ప.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట ముక్క నాకు అన్నిటికంటే ఇష్టం. బండరాళ్లు మొదలవుతాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఈ గ్రానైట్ వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. ద్రాక్ష తోటల జాడలు, కాంపౌండు గోడలు, మధ్యలో ఇంకా వరి. శామీర్‌పేట చేరితే రాజీవ్ రహదారి పక్కన పెద్ద చెరువు, కట్ట మీద కట్ట మైసమ్మ గుడి. పొద్దున గండి మైసమ్మకి దండం పెట్టి బయల్దేరితే ఇక్కడ కట్ట మైసమ్మకి పెట్టి నీళ్లు తాగుతాం. ఓపికుంటే దేవరయాంజాల్ సీతారామచంద్రస్వామి గుడి వైపు తిప్పుకోండి. చూస్తే ఏదో సినిమాలో చూసినట్టుంటుంది. నిజంగానే చూసి ఉంటారు.

ఇక్కణ్నుంచి కీసర దాకా ఔటర్ సర్వీసు రోడ్డే దిక్కు. ఔటర్ మీదికి బైకులకే అనుమతి లేదు, మనకెలా ఉంటుంది. సర్వీసు రోడ్డు బాగుంటుంది గానీ కంకర టిప్పర్లతో జాగ్రత్త. ఒకసారి మలుపులో ఒకటి నన్ను పూర్తిగా అంచుకి తోసేసింది. పడ్డది మట్టిలో కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. దాని వెనకాల రాలిన కంకర మీద మా ఫ్రెండ్ కూడా జారాడు. అప్పట్నుంచి వెనక రెడ్ లైటు పగలు కూడా ఆపం, ఎనిమిది దాటితే ఈ ముక్క తొక్కం. సన్నటి రేసింగ్ టైర్లు ఇంట్లో పెట్టి, 32 ఎంఎం వేసుకుని రండి.

కీసరగుట్ట ఎక్కడం చిన్నదే, కానీ అప్పటికి కాళ్లు అరిగిపోయి ఉంటాయి. పైన రామలింగేశ్వరుడు, చుట్టూ ఎక్కడ చూసినా శివలింగాలు. హనుమంతుడు కాశీ నుంచి తెచ్చేసరికి ముహూర్తం దాటిందని, కోపంతో విసిరేసినవి ఇవేనని కథ. ఈ గుట్ట మీద విష్ణుకుండినుల కాలపు కోట గోడలు, కట్టడాల పునాదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇక్కడే ఒక బండ మీద 'తొలచువాండ్రు' అనే మాట చెక్కి ఉంది. రాయి తొలిచేవాళ్లు అని అర్థం. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు రాతల్లో ఒకటంటారు చరిత్రకారులు. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు. పనోళ్లు తమ గురించి తాము చెక్కుకున్న మాట. కింద అదే రాయిని టిప్పర్లు మోస్తున్నాయి. పైనుంచి చూస్తే వచ్చిన దారంతా ఎగుడు దిగుడుగా, దిగుడులో నీళ్లు మెరుస్తూ కనిపిస్తుంది. కొన్ని చోట్ల నీళ్లకి బదులు ప్లాట్ల రాళ్లు.

నిన్న రాత్రి నాన్న ఇంకో లొకేషన్ పిన్ పంపాడు. మేడ్చల్ దాటాక, మన రూటుకి రెండు కిలోమీటర్లు లోపలికి. ఆదివారం పోతున్నాం. శనివారం రాత్రి ఒక మంచి వాన పడితే బాగుండు.