దుబాయ్ ఎంత దూరమండీ?

హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరమో ఎవర్నైనా అడిగి చూడండి. కిలోమీటర్లలో చెప్పినవాడు ఒక్కడు దొరికినా నా మీసం తీసేస్తా. అందరూ గంటల్లోనే చెప్తారు. "ఎంతండీ, మూడున్నర గంటలు" అంటాడొకాయన. పక్కాయన ఊరుకుంటాడా? "కాదు, నాలుగు!" ఇద్దరిదీ నిజమే. వాళ్లని పోట్లాడుకోనివ్వండి, మనం టీ తాగుదాం.

శంషాబాద్ నుంచి తిన్నగా వెళ్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. ఢిల్లీకి రెట్టింపు దూరమన్నమాట. పోవడానికి ఇంచుమించు నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. దారి అదే, విమానం అదే, మరి మధ్యలో ఆ అరగంటని ఎవరు మింగారు? గాలి! చలికాలంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి జోరుగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. ఇంటికొచ్చేవాణ్ణి తొందరగా దింపే గాలిని ఏమని తిడతాం?

గడియారం వేషాలు ఇంకా బాగుంటాయి. ఇక్కడ రాత్రి పదింటికి ఎక్కి నాలుగు గంటలు కూర్చుంటారా, దిగేసరికి అక్కడ పన్నెండున్నరే! మురిసిపోకండి. అక్కడ పదింటికి ఎక్కి చూడండి, మూడున్నర గంటలే కూర్చున్నా ఇక్కడ తెల్లవారుజామున మూడు కొట్టేస్తుంది. ఇచ్చిన గంటన్నర ముక్కుపిండి వసూలు చేస్తారు. రెండూళ్ల రేఖాంశాలకి తేడా 23 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 92 నిమిషాలు. గడియారాల తేడా 90. సర్కారు గడియారాలు సూర్యుడితో ఇంత పొత్తుగా ఉండటం మీరెక్కడైనా చూశారా?

సూర్యుడంటే గుర్తొచ్చింది. డిసెంబరులో సాయంత్రం విమానం దొరికితే ఎడమ కిటికీ సీటు వదలకండి. విమానం పొద్దు వెంటే పరిగెడుతుంది కాబట్టి సంజె వెలుగు ఓ పట్టాన ఆరదు. నేల మీద చూసే అస్తమయం కంటే ఎక్కువసేపు ఉంటుంది. అదే జూన్‌లో అయితే పొద్దు సరిగ్గా విమానం ముక్కుకి ఎదురుగా కుంకుతుంది. ఆ వైభోగమంతా పైలట్‌కే. టిక్కెట్టు కొన్నది మనం!

ఇంతకీ దూరమనేది ఎవరికి? జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో వెళ్లేవాళ్లని అడగండి. జగిత్యాల నుంచి శంషాబాద్‌కి రోడ్డు మీద నాలుగున్నర, ఐదు గంటలు. సముద్రం దాటడం కంటే విమానం దాకా రావడమే ఎక్కువ పని. పైగా వెళ్లేది ఒక్కడు, సాగనంపేది జీపునిండా జనం. అత్తమ్మ, బామ్మర్ది, పక్కింటి పిల్లలు సరేసరి. విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో కనీసం ఊళ్లోకి వచ్చినట్టుండేది. 2008లో శంషాబాద్‌కి మారాక, ఊరు దాటి ఇంకా పోవాలి.

సామాను ఇంట్లో తూచినప్పుడు ముప్పై కిలోలే ఉంటుంది. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి అదెలా ముప్పైరెండవుతుందో ఆ తిరుపతి వెంకన్నకే ఎరుక. అక్కడే తాడు విప్పుతారు, టేపు చింపుతారు. ఏం తీయాలి? ఆవకాయా? సకినాలా? ఇంకా నయం! రెండు చొక్కాలు, ఓ స్వెట్టరు బయటికి లాగి, ఒంటిమీదున్న చొక్కా పైనే తొడిగేసుకుంటారు. తూకం సరిపోయింది, కానివ్వండి.