ఆటోనగర్‌లో మా మెటాడోర్

బెజవాడ వెళ్లినవాళ్లంతా అమ్మవారి కొండ ఎక్కి, ప్రకాశం బ్యారేజీ చూసి వస్తారు. ఆటోనగర్ చూడ్డానికి ఎవరు వెళతారు చెప్పండి? నేను మాత్రం మొన్న సంక్రాంతి ముందు మూడు రోజులు అక్కడే గడిపాను.

మాది గుడివాడ. మావయ్యగారు 1986లో కొన్న మెటాడోర్ వ్యాను ఇంకా మా వాకిట్లోనే ఉంది. నేను కొత్తకోడలిగా అత్తారింటికి వచ్చింది అందులోనే. మా అబ్బాయి దాన్ని ‘వింటేజ్’ అంటూ గొప్పలు పోతుంటాడు గానీ, 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటితేనే ఆ పేరుకి అర్హత. మాది ఉత్త పాత బండి.

అమ్మవారి దర్శనానికి వెళ్తుంటే కంకిపాడు దాటాక ధాన్యం బస్తాల ట్రాక్టరు ఒకటి చెయ్యయినా చూపకుండా పక్కకి తిరిగింది. వ్యాను ముందు భాగం నొక్కుకుపోయింది. దేవుడి దయవల్ల మాకేం కాలేదు. ట్రాక్టరు ఆసామి మంచివాడే. పెద్దమనుషుల్లో పన్నెండు వేలిచ్చాడు, మేం రాజీ కాగితం మీద సంతకం పెట్టేశాం. మేం చేసిన మొదటి తప్పు అదే!

పటమటలో మా ఆడపడుచు ఇంట్లో దిగి, బండిని ఆటోనగర్‌కి లాగించుకెళ్లాం. అదో వేరే లోకమండీ. ఒక వీధంతా టింకరింగ్ షెడ్లు, ఇంకో వైపు లేతు మిషన్లు, రంగులు వేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు, పాత సామాను కొట్లు. సుత్తి దెబ్బల మధ్య మాట వినబడదు. ఆడవాళ్లు కూర్చోడానికి చోటు లేదు. మా బండిలోంచి ఊడదీసిన సీటే నాకు కుర్చీ అయింది.

మేస్త్రీ ముందు రేకు విప్పి, “అమ్మా, రేడియేటరు పోయింది, లోపల ఛాసిస్ కూడా వంగింది” అన్నాడు. మొత్తం నలభై ఆరు వేలన్నాడు. మావారు బీమా కాగితం తీశారు. అందులో ‘ఓన్ డ్యామేజ్’ గడి ఖాళీ! అప్పుడు గుర్తొచ్చింది. “పాత బండికి అన్ని వేలెందుకండీ, చట్టానికి కావలసిన థర్డ్ పార్టీ చాలదూ” అని మాన్పించింది నేనే. థర్డ్ పార్టీ అంటే మన వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే. మన బండికి పైసా రాదు. ట్రాక్టరు బీమా మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో అడగొచ్చట గానీ, రాజీ కాగితం రాసేశాం కదా!

మా బావగారు ఫోన్లో “తుక్కుకి ఇచ్చెయ్యండి” అన్నారు. మావారు నా మొహం చూశారు. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మేస్త్రీ తలుపు మీద రంగు గీకుతుంటే అడుగున పసుపుపచ్చ అక్షరాలు బయటపడ్డాయి. మావయ్యగారి కిరాణా కొట్టు పేరు! ఆయన పోయి తొమ్మిదేళ్లు. “ఇది కూడా గీకెయ్యమంటారా అమ్మా?” అన్నాడు. “వద్దు బాబూ, ఉంచు” అన్నాను. చీటీ డబ్బులు తెచ్చి నేనే కట్టాను.

కొత్త రేకులు దొరకవు కాబట్టి మేస్త్రీ మామూలు రేకునే సుత్తితో కొట్టి కొట్టి పాత ఒంపు తెప్పించాడు. ఆ చేతి పని చూడాల్సిందే!

మీరు నాలా చేయకండి. ఈ రోజే బీరువాలోంచి బీమా కాగితం తీసి ‘ఓన్ డ్యామేజ్’ గడి చూడండి. అయిదేళ్లు దాటిన బండికి విలువ ఎంతన్నది కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకోవాలి. అది ఉన్నా, పదేళ్లు దాటిన బండి ఇనుప భాగాలకి సగమే ఇస్తారు. రబ్బరు, ప్లాస్టిక్కుకీ సగమే. అద్దాలకి మాత్రం కోత లేదు. ప్రమాదం జరిగితే ఫొటోలు తీసి, ముందు కంపెనీకి కబురు చెప్పండి. సర్వేయరు చూడకుండా రిపేరు మొదలెట్టించకండి. మేస్త్రీ విప్పి చూసేదాకా ఏ రాజీ మీదా సంతకం పెట్టకండి.

భోగి నాటికి బండి ఇంటికొచ్చింది. తలుపు మీద మావయ్యగారి కొట్టు పేరు అలాగే ఉంది. అత్తయ్యగారు దాన్ని చేత్తో తడిమి, ఏమీ అనకుండా బొట్టు పెట్టారు.