పదికి ఎన్ని మార్కులు?

మా ఇంట్లో హాకీ మ్యాచ్ చూడాలంటే చేతిలో పెన్సిలు ఉండాల్సిందే. తాతయ్య పెట్టిన అలవాటిది. ఎగ్మూరులో లీగ్ మ్యాచులు చూసొచ్చి, రాత్రి భోజనాలయ్యాక పాత డైరీ తీసి, ఒక్కో ఆటగాడికి పదికి ఇన్ని అని మార్కులు వేసేవారు. డైరీలో అచ్చయిన తేదీలు తమిళంలో, పక్కన ఆయన రాత తెలుగులో. ఆయన పోయాక డైరీలు మాకొచ్చాయి. అలవాటూ వచ్చింది. ఓపిక మాత్రం రాలేదని మొన్న డిసెంబరులోగాని మాకు తెలియలేదు.

2025 డిసెంబరు 10 సాయంత్రం ఇంటిల్లిపాదీ ఎగ్మూరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియానికి వెళ్లాం. జూనియర్ ప్రపంచ కప్ చివరి రోజు. 24 దేశాల కుర్రాళ్లు చెన్నై, మదురైలలో ఆడిన ఆ పోటీలో, ఆ రోజు కాంస్య పతకం కోసం మన జట్టు అర్జెంటీనాతో తలపడింది. మా చిన్నవాణ్ణి మాత్రం బతిమాలి తీసుకెళ్లాల్సి వచ్చింది. వాడు బడి జట్టులో గోల్‌కీపరు. నెల కిందట ఒక మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడ్డాయి. ఆ రాత్రి మేం డైరీలో వాడి పేరు రాసి, ఎదురుగా మూడు అని వేశాం. నవ్వుతూనే వేశాం. మర్నాడు వాడి ప్యాడ్లు అటకెక్కాయి.

మ్యాచ్ మొదలైన కాసేపటికే అర్జెంటీనా గోల్ కొట్టింది. మూడో క్వార్టర్ ఆఖర్లో, 44వ నిమిషంలో రెండోది. మా పెన్సిలు ఆగలేదు. ఫార్వర్డ్‌లకు నాలుగు, డిఫెన్స్‌కు మూడున్నర. ఆ కోపం అంతకుముందు నుంచీ ఉన్నదే. డిసెంబరు 5న క్వార్టర్ ఫైనల్లో బెల్జియంతో 2-2 అయ్యాక, షూటౌట్‌లో గోల్‌కీపర్ ప్రిన్స్‌దీప్ సింగ్ అడ్డుపడి గెలిపించినప్పుడు పదికి పదీ వేశాం. రెండు రోజులకే జర్మనీ చేతిలో 5-1తో ఓడితే జట్టు మొత్తాన్నీ ఫెయిల్ చేశాం. ఇరవై ఒకటి దాటని పిల్లలు. రెండు రోజుల్లో వాళ్లు ఆట మరిచిపోయారా? వాళ్లు మరిచిపోలేదు. మేమే ఫలితాన్ని చూసి మార్కులు వేస్తున్నాం.

ఆఖరి క్వార్టర్ వచ్చింది. 49వ నిమిషంలో అంకిత్ పాల్, 52లో మన్మీత్ సింగ్. స్కోరు సమానం. 57లో పెనాల్టీ స్ట్రోక్. గోల్‌కు 6.4 మీటర్ల దూరంలో బంతి, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. శారదానంద్ తివారీ కొట్టాడు. 58లో అన్మోల్ ఎక్కా. 4-2. స్టేడియం అంతా లేచి నిలబడింది. 2016లో లక్నోలో కప్పు గెలిచాక జూనియర్లకు ఇదే మళ్లీ పతకం. మేం గబగబా నాలుగు పేర్ల ఎదురుగా తొమ్మిదేసి వేసేశాం.

"మిగతా వాళ్లకో?" అన్నాడు మావాడు. సాయంత్రమంతా వాడు నోరు విప్పడం అదే మొదలు.

తాతయ్య అడిగే ప్రశ్నా అదే. పెనాల్టీ కార్నర్ తీసుకోండి. ఒకడు గోల్ పోస్టుకు కనీసం పది మీటర్ల దూరాన, వెనక గీత మీద నుంచి బంతిని తోస్తాడు. ఇంకొకడు సర్కిల్ బయట దాన్ని కదలకుండా ఆపుతాడు. అప్పుడుగాని మూడోవాడు కొట్టలేడు. ఆపేవాడి కర్ర దగ్గర బంతి కాస్త ఎగిరినా అవకాశం పోయినట్టే. స్కోరుబోర్డు మీద మాత్రం ఒక్క పేరే పడుతుంది. అందుకే తాతయ్య మూడు సంగతులు చూసేవారు. బంతి తన దగ్గర లేనప్పుడు ఎక్కడున్నాడు? తప్పు చేసిన మరుక్షణం ఏం చేశాడు? పక్కవాడి పనిని ఎంత తేలిక చేశాడు? గోల్స్ లెక్క ఆ తర్వాతే. అదీ అరవై నిమిషాలూ పూర్తయ్యాకే.

గోల్‌కీపర్‌కి ఈ లెక్క మరీ కష్టం. ఆపిన బంతులు ఎవరికీ గుర్తుండవు, వదిలినవి బోర్డు మీద ఉండిపోతాయి. ఆ రోజు మన జట్టు బెంచీ దగ్గర కోచ్‌గా ఉన్నది శ్రీజేష్. టోక్యోలో, పారిస్‌లో రెండు ఒలింపిక్ కాంస్యాలు అందుకున్న గోల్‌కీపర్. నాన్నమ్మకైతే మన చిత్తూరు జిల్లా నుంచి రియో ఒలింపిక్స్ దాకా వెళ్లిన గోల్‌కీపర్ రజని ఎటిమరపు అంటే మహా గర్వం. "ఆ పిల్లకి గోల్స్ పడనే లేదంటావా?" అని మావాణ్ణి అడిగింది. వాడు నవ్వలేదుగాని, విన్నాడు.

ఇంటికొచ్చాక వాడే డైరీ అందుకుని, మేం 44వ నిమిషంలో వేసిన మార్కులన్నీ రబ్బరుతో చెరిపేశాడు. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి తన పేరు దగ్గర ఆగాడు.

"నాన్నా, ఆ రోజు నేను ఎన్ని ఆపానో చెప్పండి."

మేం చెప్పలేకపోయాం. ఆ మ్యాచ్‌కి మేం చేరేసరికే రెండో సగం సగం అయిపోయింది. బోర్డు చూశాం, నాలుగు అని ఉంది, మూడు వేశాం. అంతే.

"పదకొండు," అన్నాడు వాడే. లెక్క పెట్టుకున్నాడన్నమాట.

రబ్బరు వాడి చేతిలోనే ఉన్నా ఆ మూడుని వాడు చెరపలేదు. మాకు అందించాడు. చెరిపాం. దాని స్థానంలో ఏమీ వేయలేదు. చూడని ఆటకు మార్కులెలా వేస్తాం? ప్యాడ్లు ఇంకా అటక మీదే ఉన్నాయి. దించమని వాడు అడగలేదు, మేమూ తొందరపెట్టడం లేదు. వాడు అడిగిన రోజున మాత్రం మొదటి విజిల్‌కి ముందే వెళ్లి కూర్చుంటాం. పెన్సిలు చివరిదాకా జేబులోనే ఉంటుంది.