ఒక చిన్న శ్వాస

ఏడాదిగా మా యింట రాత్రులు ఒక చిన్న శ్వాసను ఆలకించుటతోనే గడుస్తున్నవి. మా అమ్మాయికి రెండున్నరేళ్లు. తెల్లవారుజామున తుమ్ములు, పగలంతా ముక్కుదిబ్బడ, రాత్రి దగ్గు, అప్పుడప్పుడు పిల్లికూతలు. ప్రబంధ నాయికల నిట్టూర్పులను తరగతిలో ఎంతో వర్ణించి చెప్పే నాకు, ఊపిరి విలువ తెలిసినది ఈ బిడ్డ పక్కన మేల్కొని కూర్చున్నప్పుడే.

పిల్లల వైద్యులు బిడ్డతోపాటు మా యింటిని కూడా పరీక్షించారు. ఏ పొగ వేస్తారు? పరుపు ఎన్నేళ్లది? దోమలకు ఏమి వెలిగిస్తారు? అన్నీ అడిగి, "ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారికి రెండు కొసలు, మాస్టారూ" అన్నారు.

'అలెర్జీ' అనే మాటను 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించాడు. 'ఇతరము', 'పని' అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక అది. పదిమందికి పరిమళమైనది ఒక దేహానికి మాత్రం పగగా తోచడమే దాని తత్త్వం.

నాటినుండి దుప్పట్లు, గలీబులు వారం వారం వేడినీటిలో ఉతుకుతున్నాము. కంటికి కనిపించని ధూళిపురుగులకు పరుపులే నివాసాలు. చీపురుకు బదులు తడిగుడ్డ వచ్చినది. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేస్తాము. ఇన్‌హేలర్ అనగానే మొదట భయపడ్డాము. ఆ మందు నేరుగా ఊపిరితిత్తులను చేరుతుంది గనుక అతిస్వల్పమైన మోతాదే చాలునని తెలిసి భయం తీరినది. అమ్మాయి ముందు తన బొమ్మకు మాస్కు పెట్టి, పిమ్మట తాను పెట్టించుకుంటుంది.

మిగిలినది సాంబ్రాణి. స్నానం కాగానే మనవరాలికి పొగ వేయడం, శుక్రవారం సాయంత్రం ఇల్లంతా ఊదు వేయడం మా అమ్మకు ప్రాణం. "నువ్వీ పొగలోనే పెరిగావు గదా, నాయనా!" అనేది. ఎదురు చెప్పలేకపోయాను.

ఒక శుక్రవారం రాత్రి నిద్రలో బిడ్డ శ్వాసలు లెక్కించాను. ఈ వయసులో నిమిషానికి 40కి చేరితేనే ప్రమాదసూచన. ఆనాడు 52. డొక్కలు లోనికి పోతున్నవి. మా అమ్మ బిడ్డ వీపునకు చెవి ఆనించి ఆ కూతను విన్నది. మరి మాట్లాడలేదు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాము. తెల్లవారేసరికి ఆయాసం తగ్గినది.

ఇంటికి వచ్చిన మరునాడు ధూపదాని కడిగి అటక మీద పెట్టి ఉన్నది. నేను దానివంక చూడగా, "దాని ఊపిరికన్న నాకు వాసన ఎక్కువా?" అన్నది అమ్మ.

వ్యాధి పూర్తిగా పోలేదు. వానలు వస్తే తుమ్ములు మళ్లీ వస్తవి. విద్యార్థి మిత్రులారా, మీ యిళ్లలోనూ పసిపాపలుంటారు. పెద్దలతో వాదించకండి, ఒక్కసారి వారి చెవిని ఆ చిన్న వీపునకు ఆనించనీయండి. డొక్కలెగిరినా, పెదవులు నీలమైనా మాత్రం క్షణం ఆలస్యం చేయకండి.

నిన్న రాత్రి లెక్కించాను. 26. దీపమార్పి నేనూ నిద్రించాను.