వల ఏదిరా?

మా హాస్టల్లో ప్రతి మూడో లాప్‌టాప్ మీద ఆ అల స్టిక్కర్ ఉంటుంది. పెద్ద నీలం అల, గోళ్ళలా వంకర్లు తిరిగిన నురగ, వెనకాల బుల్లి ఫుజి కొండ. జపాన్‌లో హొకుసాయి 1831 ప్రాంతంలో గీసిన బొమ్మ. దాన్ని చెక్క మీద చెక్కి కాగితాల మీద అచ్చులు వేసి, మామూలు జనం కొనుక్కోగలిగే ధరకి అమ్మేవాళ్ళు. అంటే అప్పట్లోనూ అది స్టిక్కర్ లాంటిదే!

సెలవులకి మా ఊరు భావనపాడు వెళ్ళినప్పుడు తాత ఆ స్టిక్కర్‌ని చాలాసేపు చూశాడు. అల గురించి ఒక్క మాట అనలేదు. "వల ఏదిరా? వల్లేకుండా ఏటకెల్తారేటి?" అన్నాడు. నిజమే, మూడు పడవలున్నాయి, ఒక్కదాంట్లోనూ వల లేదు. వెతికి చూశాను. అవి వేట పడవలు కావట. చేపల్ని తాజాగా ఎడో (ఇప్పటి టోక్యో) మార్కెట్‌కి చేర్చే తెడ్ల పడవలు. ఆ మాట చెప్తే, "అయితే కూలోళ్ళే గదా, ఆళ్ళకీ తప్పలేదు" అన్నాడు.

మా రూమ్మేట్‌ది పెడన, మచిలీపట్నం పక్కనే. వాడు అదే స్టిక్కర్ చూసి అడిగిన ప్రశ్న వేరు: "దీనికి ఎన్ని అచ్చులు పట్టాయంటావ్?" వాళ్ళ నాన్న కలంకారీ బట్టలకి టేకు చెక్కతో అచ్చులు చెక్కుతారు. గీతలకి ఒక అచ్చు, ఆ తర్వాత ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు (మన ఫొటోషాప్ లేయర్లే అనుకోండి). వెంట్రుకవాసి జరిగినా చిలక ముక్కు ఎరుపు చిలక బయటకి పోతుంది. జపాన్ వాళ్ళు కాగితం జరక్కుండా చెక్కకే ఒక మూల గాటు పెట్టుకున్నారు. పెడనలో అద్దేవాడి కన్నే ఆ గాటు.

ఇంకో సంగతి నన్ను వదల్లేదు. హొకుసాయి లాంటి వాళ్ళు పల్చటి కాగితం మీద గీసిచ్చేవారు. దాన్ని చెక్క మీద బోర్లా అతికించి, కాగితంతో సహా చెక్కేసేవాళ్ళు. అసలు గీసింది అక్కడితో పోయింది. మనం చూసే ప్రతి గీతా ఉలి గీసిందే. బొమ్మ మీద హొకుసాయి సంతకం ఉంది, చెక్కినవాడి పేరు లేదు.

ఇది చెప్తే రూమ్మేట్ నవ్వాడు. "మా నాన్న పేరు మాత్రం ఏ చీర మీద ఉంది?" అన్నాడు. ఇప్పుడు స్క్రీన్ ప్రింట్ వేసి దాన్నీ కలంకారీ అనే అమ్ముతున్నారు. అది చవక, తొందరగా అయిపోతుంది. కొనేవాళ్ళకి తేడా తెలీదు. అచ్చుల ఆర్డర్లు తగ్గిపోయాయి.

వాడి టేబుల్ మీద ఒక మామిడి పిందె అచ్చు ఉంటుంది, రికార్డు కాగితాలు ఎగిరిపోకుండా. పిందె లోపల గీతలు నా వేలిగోరు కంటే సన్నం. నీకూ చెక్కడం వచ్చా అని అడిగాను.

"చిన్నప్పుడు నేర్చుకున్నా. ఇంటర్‌లో చేరాక నాన్న ఉలి ముట్టుకోనివ్వట్లేదు."