చిలక లేని పెట్టె

ఏమండోయ్, ఆ బట్టలు తర్వాత ఆరేసుకోవచ్చు గానీ ఇలా రండి. "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అని మీరు నిట్టూర్చినప్పటి నుంచీ జోసెఫ్ కార్నెల్ అనే కళాకారుడి సంగతి చెప్పాలని నాకు ఒకటే నాలుక దురద.

న్యూయార్క్‌లో క్వీన్స్ అనే పేట ఉంది చూశారూ, అక్కడ యుటోపియా పార్క్‌వే అనే వీధి. పేరే ఘనం, ఇల్లు మాత్రం మామూలుదే. 1929లో తల్లీ కొడుకులూ అందులో దిగారు. 1972లో పోయేదాకా ఈయన అక్కడే. పెళ్ళీ పెటాకులూ లేవు. తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ, కదల్లేడు. కొన్నేళ్ళు పగలంతా బట్టల వ్యాపారంలో ఉద్యోగం, రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర అసలు పని.

ఏం పనంటారా? పెట్టెలండీ! చిన్న చెక్కపెట్టె, ముందు అద్దం. లోపల పాత మ్యాపు ముక్కలు, నక్షత్రాల పటాలు, మట్టి పైపులు, కత్తిరించిన చిలకల బొమ్మలు. అన్నీ పాత పుస్తకాల కొట్లలోనూ చవక దుకాణాల్లోనూ ఏరుకొచ్చినవే. మీ ఆయన అటక మీద దాచిన గడియారాలు గుర్తొచ్చాయి కదూ? నవ్వకండి. పెట్టె కొత్తగా ఉంటే ఈయనకి నచ్చదు. పాతబడినట్టు కనబడాలని రంగేసి ఓవెన్‌లో పెట్టి కాల్చేవాడు! వంటకని ఓవెన్ తెరిచిన వాళ్ళమ్మ ఏమందో, నాకదే తెలుసుకోవాలని ఉంది.

యూరప్ హోటళ్ళ కాగితాలు అతికించి వరసగా హోటల్ పెట్టెలు చేశాడు. మరి వెళ్ళాడా? ఆ దేశాల గడప తొక్కితే ఒట్టు. గైడు పుస్తకాలు పోగేసుకుని చదవడమే.

నాకు మాత్రం చిలకల పెట్టెల కంటే చిలక లేని పెట్టె ఇష్టం. 1953 ప్రాంతంలో, ఎమిలీ డికిన్‌సన్ అనే కవయిత్రి కోసం చేశాడు. ఆవిడా ఇల్లు కదలని మనిషే లెండి. తెల్లటి పంజరం, లోపల ఎవరూ లేరు. వెనక చిన్న కిటికీ, అందులో నీలం. అమ్మనీ తమ్ముణ్ణీ వదిలి పోతానని నోటితో ఎలా అంటాడు చెప్పండి? ఆ ఖాళీ పంజరం చేత అనిపించాడని నా లెక్క.

సరే, 1965లో తమ్ముడు పోయాడు, మరుసటేడు తల్లి. ఇక అడ్డెవరు? టికెట్ కొన్నాడా? ఊహూఁ! మళ్ళీ ఆ ఇల్లే, ఆ కాగితాలే. నాకు ఒళ్ళు మండింది. కోపం చల్లారాక మాత్రం, ఆయనకి కావలసింది పారిస్ కాదేమో, పారిస్ మీద బెంగేనేమో అనిపించింది.

ఆయన చనిపోయిన ఏడాదే, 1972లో, కూపర్ యూనియన్ అనే కాలేజీలో పిల్లల కోసం ఆ పెట్టెలు ప్రదర్శించారు. పిల్లల కళ్ళకి అందేలా కిందికి తగిలించి, వచ్చినవాళ్ళకి బ్రౌనీలూ కోలా పెట్టారు. అసలే తీపంటే పడి చచ్చే మనిషి, పిల్లలకి ఎన్ని మిగిల్చాడో మరి!